గెంతు మీట

ఆ బొమ్మల సినిమా మా నెల్లిమర్ల రాలేదు.
విజయనగరంలో ఆడిందంటారు, ఒక్క వారం.
ఆ వారం నాన్నకి రెండో షిఫ్టు.

మాకు వచ్చింది ఆట.
గంటస్తంభం దగ్గర దుప్పటి పరిచి అమ్మేవాడి ముందు
దువ్వెనలకీ టార్చిలైట్లకీ మధ్య
అరచేతంత బూడిదరంగు డబ్బా.
"లోపల బిళ్ళ ఇరుక్కుపోనాది బాబూ, ఇంకో ఆట పట్టదు,
అందికే ఈ రేటు" అన్నాడట.
బోనస్ డబ్బుల్లో నూట ఇరవై.
గోనెపీచు అంటిన జేబులోంచి తీసి నాన్న
ఇద్దరి మధ్యా నేలమీద పెట్టాడు,
ఎవరి చేతికీ ఇవ్వకుండా.

అట్టమీద ముంగిసపిల్ల టోపీ ఎరుపు.
తెరమీద అంతా చింతాకు రంగే.

అన్న గౌరీశుది ఎడమ చెయ్యి, నాది కుడి.
నడక వాడిది, గెంతు నాది.
అటొకరూ ఇటొకరూ బిందె మోసినట్టు పట్టుకుని
"ఎగరవే!" అంటే నేను నొక్కాలి.
అనకముందే నొక్కితే ముళ్ళలో పడేవాడు,
అన్నాక నొక్కితే నీళ్ళలో.
అనబోయే ఊపిరి దగ్గర నొక్కడం
ఆ ఎండాకాలం నేర్చుకున్నాను.

అక్షరాలు ఏ దేశానివో.
కథ మేమే చెప్పుకున్నాం.
వీడు తప్పిపోయాడు. కాదు, అలిగొచ్చేశాడు.
ఏరుతున్నవి ఈతపళ్ళు.
ఎదురొచ్చే తాబేలు మిల్లు మేస్త్రీ,
నెత్తిమీద గెంతితే గుల్లలోకి దూరిపోతాడు.
దానికి మాత్రం
అన్న మాట కోసం ఆగేదాన్ని కాదు.

అయిదో లెవెల్లో విరిగిన వంతెన.
కాలు పెట్టిన పలక పెట్టినట్టే రాలిపోతుంది.
అది చంపావతి అని గౌరీశు తేల్చేశాడు.
మూడు ప్రాణాలూ అక్కడే పోయేవి,
తప్పు నీదంటే నీదని
జుట్లు పట్టుకునేవాళ్ళం.

అక్కడే ఉండగా మిల్లు గేటుకి తాళం పడింది.
ఎదురుగా టెంటు వేశారు. నాన్న అందులో.
ఆ డబ్బాకి సొంత వెలుగు లేదు,
ఎండలోనో దీపం కిందో వంచి చూడాలి.
రాత్రిళ్ళు టెంటు ట్యూబులైటు కింద
పెద్దవాళ్ళ మోకాళ్ళ మధ్య దూరి
మేం వంతెన దాటుతూనే ఉన్నాం.
సెల్లులు నీరసిస్తే ఎండబెట్టాం,
తర్వాత పంటితో కొరికాం.
లాకౌట్ అన్న మాట ఎక్కడ విన్నా
ఆ తుప్పు రుచి ఇప్పటికీ నాలుకమీదికొస్తుంది.

యూనియన్ గోడ గడియారంలోంచి సెల్లు ఊడదీసి
దాలినాయుడు మావ మా ముందు పడేశాడు:
"ఇప్పుడు టైము తెలిసి ఏటి సేస్తాం?"

ఒకటి గడియారంలోది, ఒకటి కొరికింది.
ఆ రాత్రే దాటాం.
అవతల ఏమీ లేదు.
ఒక జెండా. కొన్ని అంకెలు.
మళ్ళీ మొదటి లెవెల్.

మొన్న మా పిల్లకి జ్వరం.
ఫోన్లో వెతుకుతుంటే దొరికింది సినిమా.
టోపీ నిజంగానే ఎరుపు.
కానీ వాడు గెంతడు.
మొత్తం మీద ఒక్కసారి, గుమ్మం దాటేటప్పుడు, చిన్నగా.
వంతెన దగ్గరికొచ్చి
కూర్చుంటాడు.
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అంతే.
వాన పడుతుంది, వెలుస్తుంది.
అవతలి గట్టు నుంచి తల్లి
మెడలోతు నీళ్ళలో వస్తుంది.

"అమ్మా, మాటిమాటికీ ఆపేస్తున్నావు" అంది పిల్ల.
చూస్తే నా బొటనవేలు
తెర కుడి పక్కన నొక్కుతూ ఉంది.

గౌరీశుకి ఫోన్ చేశాను.
పైడిభీమవరం కంపెనీ బస్సెక్కుతున్నాడు, నైట్ డ్యూటీకి.
"అన్నియ్యా, వంతెన కాడ ఆడు కూకుంటాడు తెలుసా, సినిమాలో."
కాసేపు ఇంజను చప్పుడు.
"మనం కూకోనిచ్చినామేటే" అన్నాడు.

ఇంకేదో అనబోయి ఊపిరి తీశాడు.
నా బొటనవేలికి తెలిసిపోయింది.